యాడికి పోయింది?

"పోయింది" అన్న మాట చెవిన పడితే మా బావకు ఒళ్ళు మండిపోయేది. తొంభైల్లో, ఎన్నూరు దగ్గర రేకులు కోసే ఫ్యాక్టరీలో, మిషను ఆయన కుడిచేతిని మణికట్టు దగ్గర నరికేసింది. నష్టపరిహారం కేసుకు వకీలును వెతకడానికి, అక్క పోరు పడలేక, నేనూ ఆయన వెంట తిరిగాను.

జార్జి టౌనులో మొదటి వకీలు కాగితాలు తిరగేస్తూ, "చెయ్యి ఎప్పుడు పోయింది?" అన్నాడు.

బావ మొండిచేతిని ఎత్తి బల్ల మీద దబీమని కొట్టాడు. కుట్లు తెగి నెత్తురు ఫైళ్ళ మీద చిందింది.

"పోయిందా? యాడికి పోయింది సార్, బస్సెక్కి పోయిందా? నరికినారు! నరికినారని రాయి!"

రెండో వకీలూ పాపం ఆ మాటే అన్నాడు. ఈసారి బావ కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాడు. గుమాస్తా మా ఇద్దర్నీ మెడబట్టి వీధిలోకి గెంటాడు.

మూడో వకీలు చింతాద్రిపేటలో ఉండే ఒక తెలుగావిడ. ఆమె కాగితాలు ముట్టుకోలేదు. మొండిచేతిని తేరిపార చూసి, "ఎవురు నరికినారన్నా?" అని అడిగింది.

ఆ మాటే అంటుందని బావ ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. మెల్లగా కూర్చున్నాడు.

"బ్లేడుకు అడ్డంగా ఇనప జాలీ ఉంటాదమ్మా. పని జోరుగా సాగాలని మేస్త్రీ దాన్ని ఇప్పమన్నాడు. ఇప్పింది ఈ చెయ్యేనమ్మా."

లేని చేతిని చూపిస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ పెన్ను మూత తీసింది.

"ఇప్పమన్నోడి పేరు చెప్పన్నా."