మావయ్య ముట్టుకోకుండా వాయించిన పాట

పోయిన నెల ఒక సోమవారం పొద్దున్న, బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు వరసలు కట్టి తరగతులకు వెళ్తున్నప్పుడు అత్త దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మీ, మీ మావ ఎల్లిపోనాడే" అంది.

కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి చేరబడి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. అత్త గొంతు వెనక ఏదో పాట సన్నగా వినిపిస్తోంది. ఏ దేశందో తెలియదు. ఎవరో తీగలు మీటుతున్నారు, మధ్యమధ్య ఒక మగగొంతు మూలుగుతున్నట్టు పలుకుతోంది. పొద్దున్నే ఆయన పెట్టుకున్న పాట. ఆపాలని ఎవరికీ తోచలేదు.

విజయనగరం నుంచి కోటబొమ్మాళి చేరేసరికి మధ్యాహ్నమైంది. రైల్లో ఉన్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. ఆయన గురించి ఎవరితోనైనా చెప్పాలని మాత్రం అనిపించింది. ఎదుటి సీటులో కూర్చున్నావిడ జామకాయలు కోసుకుని తింటోంది. ఆవిడతో మొదలుపెట్టలేకపోయాను. అందుకే ఇప్పుడు మీతో చెబుతున్నాను.

ఆయన మా అమ్మకి తమ్ముడు. ఊరందరికీ మైకుసెట్టు మేస్త్రీ. బజారు వీధిలో ఇంటికి ముందుభాగాన చిన్న అంగడి. అందులో ఆంప్లిఫయర్లు, హారన్లు, చుట్టలు చుట్టిన వైర్లు, బాగు చెయ్యమని ఇచ్చి మళ్ళీ రానివాళ్ళ రేడియోలు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికైనా, అమ్మవారి పండగకైనా, మా చర్చిలో క్రిస్మస్ కూటాలకైనా ఆయన మైకులే మోగేవి. ఆయన మాత్రం ఎప్పుడూ పాడగా నేను వినలేదు. చిన్నప్పుడొకసారి అడిగాను, నీకు ఏ పాట ఇష్టం మావా అని. చుడుతున్న వైరు ఆపాడు.

"నానెప్పుడిన్నానే పాటలు? హారను ముందున్నోలకి పాట. ఎనకున్నోడికి గుర్రుమనే సప్పుడే. ఎక్కడ వైరు తెగిపోద్దో, ఎక్కడ మైకులో కూత పుడతాదో అని కాసుకోడమే నా పని."

అప్పుడు నాకు అది జోకులా అనిపించింది.

నాలుగేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట దక్కింది. కాలు కొంచెం ఈడుస్తూనైనా నడక దక్కింది. కుడిచెయ్యి మాత్రం వణుకుతూ ఉండిపోయింది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోయేవి. ఇక సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని వెంట్రుకంత తీగలు అతికే పని ఎక్కడ? అంగడి తలుపులు మూసేశాడు. చర్చికి రావడం మానేశాడు. అత్త ముద్దలు కలిపి పెడితే తినేవాడు గానీ ఆమె మొహంలోకి చూసేవాడు కాదు.

"మనిసి ఉన్నాడు గానీ ఇంట్లో లేడే" అని ఒకరోజు అత్త వంటగదిలో నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

రోజూ చేతికి వ్యాయామం చేయించమని డాక్టరు చెప్పాడు. చేయించే మనిషి ఊళ్ళో లేడు. నా పాత ఫోన్ తీసుకెళ్ళి, వ్యాయామాల వీడియోలు పెట్టి, ఎలా చూడాలో చూపించి వచ్చాను. ఆయన వింటున్నాడో లేదో కూడా తెలియలేదు.

తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి మావయ్య అరుగు మీద కూర్చుని, రెండు చేతులూ గాల్లోకెత్తి, ఒకదాన్ని పైకీ కిందకీ, ఇంకొకదాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఆడిస్తున్నాడు.

"ఇదేం ఎక్సర్‌సైజు మావా?"

"ఏమో. ఈ ముసిలి డాక్టరమ్మ సేస్తన్నాది. మూడ్రోజుల్నించి నానూ సేస్తన్నాను. ఈవిడ సేస్తంటే పాట కూడా వస్తన్నాది సూడు."

ఫోన్ అందుకుని చూశాను. ఏదో చలిదేశం. కిటికీ బయట మంచు. తెల్లజుట్టు ఆవిడ ఒక చెక్కపెట్టె ముందు నిలబడింది. పెట్టె మీద నిలువుగా ఒక ఇనుప కడ్డీ. ఆవిడ దేన్నీ తాకడంలేదు. గాల్లో చేతులు కదిలిస్తోంది, అంతే. వయొలిన్‌కీ మనిషి గొంతుకీ మధ్యలో ఎక్కడో ఉండే స్వరం ఒకటి లేచి, జారి, మళ్ళీ లేస్తోంది. వ్యాయామం వీడియో అయిపోగానే ఫోన్ తనంతట తనే దీన్ని తెచ్చి పెట్టినట్టుంది.

"మావా, ఈవిడ డాక్టరు కాదు. ఇది వాయిద్యం. ముట్టుకోకుండా వాయిస్తారు."

"ముట్టుకోకుండానా?"

ఆయన తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. జబ్బు చేశాక ఆయన కావాలని తీసుకున్న మొదటి వస్తువు అదే.

ఆ రోజు నుంచి ప్రపంచంలో ఉన్న పాటలన్నీ కోటబొమ్మాళి బజారు వీధికి రావడం మొదలుపెట్టాయి. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఎడమచేత్తో టైపు చెయ్యడం కుదరదు. ఫోన్‌తో మాట్లాడేవాడు. "గొంతులో రెండు గొంతులు పలికీ మనిసిని సూపించు" అంటే ఫోన్‌కి అర్థమయ్యేది కాదు. "దీనికి మన బాస రాదే" అని విసుక్కుని, గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివేవాడిలా "గొంతులో రెండు గొంతులు పలికించు మనిషిని చూపించుము" అనేవాడు. వంటగదిలోంచి అత్త నవ్వు వినపడేది. చాలా నెలల తర్వాత విన్నాను ఆ నవ్వు.

ఆదివారం నేను వెళ్ళేసరికి వారంలో ఏరిపెట్టినవి సిద్ధంగా ఉండేవి. గుర్రాల దేశంలో ఒకడు నోరు పెద్దగా తెరవకుండానే కింద గొంతులో గుమ్మని, పైన ఈల వేసినట్టు ఒకేసారి పలుకుతాడు. సగం కోసిన సొరబుర్రకి తోలు బిగించి ఇరవై తీగలు కట్టి రెండు బొటనవేళ్ళతో మీటేవాడొకడు. ప్లాస్టిక్ గొట్టాలు గోడకి బిగించి, వాటి నోళ్ళ మీద హవాయి చెప్పులతో కొట్టి పాట వాయించేవాడొకడు. కారెట్టుకి కన్నాలు పెట్టి పిల్లనగ్రోవి చేసినామె ఒకామె. ఆ వీడియో అయ్యాక ఆమె కారెట్టుని తినేసింది. మావయ్య కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు.

గొట్టాలూ చెప్పులూ చూసి నేను "ఏమిటీ గోల" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది.

"గోలని బేగి అనీకు. మూడుసార్లు ఇను. ఒకసారికి సప్పుడే ఇనబడతాది. మూడోసారికి గానీ ఆ మనిసి కనబడడు."

ఇప్పుడు తరగతిలో ఏ పిల్లో అర్థంకాని జవాబు చెప్పినప్పుడు ఆ మాట గుర్తొస్తుంది. ఇంకోసారి చెప్పమంటాను.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం అంగడి తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల మావయ్య పాత రేడియోలు రెండు కిందకి దించి దుమ్ము దులుపుతున్నాడు.

"ఆ పెట్టి మనమూ సేద్దాం" అన్నాడు. "కూతే కదేటి. రెండు రేడియోలు పక్కపక్కన ఎట్టి ముల్లు తిప్పుతా ఉంటే ఒక దగ్గర కూత పుడతాది. సెయ్యి దగ్గరికి తెస్తే ఆ కూత మారతాది. బతుకంతా నాను సంపిన కూతే అది. ఆ ముసిలామె దాన్ని ఏలు పట్టుకుని పాట నేర్పింది."

పదకొండు ఆదివారాలు పట్టింది మాకు. ఆయన చెప్పేవాడు, నేను అతికేదాన్ని. వేళ్ళు కాల్చుకున్నాను. తప్పు తీగ కత్తిరించి తిట్లు తిన్నాను. "ఒసే, లెక్కలు సెప్పీ టీచరమ్మవి, ఎర్రదీ నల్లదీ తెల్దేటే?" అనేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం, రాగికడ్డీ దగ్గరికి ఆయన చెయ్యి తేగానే పెట్టె కూసింది. చెయ్యి వెనక్కి తీస్తే కూత దిగింది. దానికి విదేశీ పేరేదో ఉంది గానీ మావయ్య "గాలిపెట్టి" అన్నాడు. అదే దాని పేరైంది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఆ పెట్టెకి చేతిలో వచ్చే చిన్న కదలిక కూడా తెలిసిపోతుంది. మావయ్య చెయ్యి ఒకచోట ఆగదు. ఏ స్వరం పట్టుకున్నా గజగజా వణికేది. మా అమ్మమ్మ ఊడుపుల్లో పాడే పాట ఒకటుంది. దాన్నే నెలల తరబడి సాధన చేశాడు. ప్రతి స్వరం వణుకుతూనే వచ్చింది. ఒకరోజు ఉన్నట్టుండి ఆపేసి, పెట్టె మీద తువ్వాలు కప్పి, లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పుడు నేనొక పని చేశాను. అంతకుముందు ఆయన ఆ పాట సాధన చేస్తుంటే, తెలియకుండా తీసిన వీడియో నా ఫోన్‌లో ఉంది. దాన్ని ఆ చలిదేశం ఆవిడకి, ఆవిడ వీడియోల కింద ఉన్న చిరునామాకి పంపి, ఫోన్ అనువాదం చేసిపెట్టిన నాలుగు ముక్కలు కింద రాశాను. మా మావయ్య మిమ్మల్ని చూసి ఇది తయారుచేశాడు అని. అంతకుమించి ఏమీ రాయలేదు. జబ్బు సంగతీ రాయలేదు. వారం తర్వాత ఆ విషయం ఆయనకి చెప్పాను.

ఆయన మొహం మాడిపోయింది. "నా వొణుకుని లోకానికి సూపిస్తావేటే? ఎవుల్నడిగి పంపినావ్?" అన్నాడు. రెండు ఆదివారాలు నాతో మాట్లాడలేదు. ఆయన్ని అడగకపోవడం తప్పే. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

మూడో ఆదివారానికి జవాబు వచ్చింది. మాటలు కాదు, వీడియో. ఫోన్ ఆయన ముందు పెట్టి, దూరంగా వెళ్ళి నిలబడ్డాను. అదే గది, అదే కిటికీ. ఆవిడ నిలబడి చేతులెత్తింది. మా అమ్మమ్మ పాట. ఒక్క స్వరం తప్పలేదు. కానీ ఆవిడ చెయ్యి వణుకుతోంది. ముందు వీడియోల్లో రాయిలా నిలిచిన ఆ చెయ్యి ప్రతి స్వరం దగ్గరా, సరిగ్గా మావయ్య చెయ్యి వణికినట్టే వణుకుతోంది. ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో అన్నీ నేర్చుకుంది.

మావయ్య ఒకసారి విన్నాడు. రెండోసారి విన్నాడు. మూడోసారి వింటూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

"ఓలమ్మీ, ఇది నా జబ్బనుకోనేదే ఈవిడ. మన పాటే ఇలగ ఉంటాదనుకున్నాది."

చేతులు తుడుచుకుంటూ అత్త బయటికొచ్చింది. "కాదని నీకెవులు సెప్పినారు? మీ అమ్మ పొలంలో వోనలో తడుస్తా, సలికి వొణుకుతా పాడీది. నాను పక్కనే నాటు ఏసీదాన్ని. ఈ పాట ఎప్పుడిన్నా ఇలగే ఉండీది" అంది.

మావయ్య అత్త మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను అంగడిలోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ఆయన వణుకుతో పోట్లాడటం మానేశాడు. మే నెలలో ఒక ఆదివారం చర్చిలో వాయించమని పాస్టరుగారు అడిగారు. ఫ్యాన్లు తిరుగుతుంటే పెట్టెలో గురక వస్తోంది, ఆపమన్నాడు మావయ్య. ఆ ఎండల్లో ఊరి చర్చి మొత్తం ఫ్యాన్లు లేకుండా కూర్చుంది. మెడల మీంచి చెమట కారుతోంది. వెనక వరసలో ఊడుపులకి వెళ్ళే ముసలమ్మలు కొందరు పాటని గుర్తుపట్టి పెదవులు కదిపారు. అయిపోయాక కూడా ఫ్యాన్లు వెయ్యడం ఎవరికీ గుర్తురాలేదు. "మొదటిసారి హారను ముందు కూకున్నట్టున్నాదే" అని బయటికొచ్చాక నాతో అన్నాడు.

అలా రెండేళ్ళకు పైనే బతికాడు. ఆ రోజులు ఆయనకి ఎవరిచ్చారంటే నేను చెప్పలేను. ఒక ఫోనూ, ఒక ముసలావిడా, రెండు పాత రేడియోలూ. నాకు మాత్రం ఆయనిచ్చినవి చాలా ఉన్నాయి.

సమాధి కార్యక్రమం అయిన వారానికి ఆవిడకి కబురు రాశాను. ఆవిడ జవాబుని ఫోన్ తెలుగు చేస్తే మాటలు అటూ ఇటూ అయ్యాయి గానీ సంగతి తెలిసింది. ఆ పాట తన దగ్గర నేర్చుకునే నలుగురికి నేర్పిందట. పాటలో మాటలు ఏమిటని అడిగింది. అత్త చెబుతుంటే రాసి పంపాను.

నిన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాను. అత్త అరుగు మీద బియ్యం చెరుగుతోంది. మావయ్య ఫోన్ గోడకి ఆనించి ఉంది. అందులో ఎక్కడో అడవిలో, నడుంలోతు ఏట్లో నిలబడ్డ ఆడవాళ్ళు అరచేతులతో నీళ్ళని కొడుతున్నారు. డోలు కొట్టినట్టు మోగుతోంది ఏరు.

"ఇదేటత్తా?"

"నాకేటి తెల్సు. నిన్నట్నించి ఇదే వస్తన్నాది" అంది తలెత్తకుండా.

నేను పక్కన కూర్చున్నాను. ఏట్లో ఆ చేతులు పైకి లేస్తున్నాయి, పడుతున్నాయి. అత్త చేటలో బియ్యం వాటితోపాటే గాల్లోకి లేచి, వాటితోపాటే పడుతున్నాయి.