ఇరవై ఆరు గడుల బాలనర్సయ్య

ఎవరు పేరు చెప్పినా బాలనర్సయ్య కుడిచేతి బొటనవేలు కదులుతుంది. చూపుడువేలి కింది కణుపు దగ్గర బయలుదేరి, చిటికెనవేలి కొస దాకా నడిచి, ఆగుతుంది. అప్పుడు ఆయన ఒక అంకె చెబుతాడు. పేరు మరిచిపోతాడు.

మాదాపూర్‌లో మా కంపెనీ. విదేశాలకు వెళ్ళే ఇంజనీర్లకు వీసా, బ్యాంకు, బీమా దరఖాస్తులు నింపి పంపడం ఆయన ఉద్యోగం. పేరుకు ఇరవై ఆరు గడులు. గడికి ఒక ఇంగ్లీషు అక్షరం. పేరుకూ పేరుకూ మధ్య ఒక ఖాళీ గడి. లోకంలో మనుషులు రెండు రకాలని ఆయన నమ్మకం. గడుల్లో పట్టేవాళ్ళు, పట్టనివాళ్ళు.

నేను పట్టను. మాది కోనసీమ. మా నాన్న నాకు వెంకట సూర్య సత్య లక్ష్మీ నరసింహమూర్తి అని పేరు పెట్టాడు. మొదటిరోజు బాలనర్సయ్య బొటనవేలు నాలుగు వేళ్ళనూ మూడున్నర చుట్లు చుట్టింది.

“నలభై మూడు,” అన్నాడు. “మీ నాయిన ఎన్నడన్న ఫారం చూసిండా సార్?”

“చూసి ఉండరండి.”

“కొడుకునన్న చూసిండు గద. గింత పిలగానికి గంత పేరా?”

ఇరవై ఆరో గడి వచ్చేసరికి లక్ష్మి చివరి అక్షరం బయటే నిలబడిపోయింది. నన్ను ఇంట్లోవాళ్ళు పిలిచే నరసింహమూర్తి ఇంకా మొదలే కాలేదు. ఆ రోజు నుంచి నేను నలభై మూడు సార్‌ని.

ఉద్యమం రోజులవి. బాలనర్సయ్య ఖాజాగూడ మనిషి. బంద్ అంటే ఆఫీసుకు రాడు, ధర్నాకు పోతాడు. మర్నాడు వచ్చి రెండు రోజుల పనీ చేస్తాడు. రాష్ట్రం ఎందుకు కావాలో ఆయన చెప్పిన కారణం మాత్రం నేను ఏ సభలోనూ వినలేదు. గేటు బయట చంద్రయ్య టీకొట్టు దగ్గర నన్ను నిలబెట్టి చెప్పేవాడు.

“ఆంధ్రప్రదేశ్ అని రాయాలంటే ఎన్ని గడులు? నడుమ ఖాళీతోని పద్నాలుగు. తెలంగాణ? తొమ్మిది. ఫారానికి అయిదు మిగులుతయ్. ఏడాదికి ఎన్ని ఫారాలు? జర లెక్క వెయ్యి సార్.”

“అయిదు గడుల కోసం రాష్ట్రమా అండీ?”

“నీళ్ళు తీస్కపోయిన్రు, కొలువులు తీస్కపోయిన్రు. ఆఖరికి గడులు సుత మీ పేర్లతోనే నింపితిరి. మా కొరియర్ రాములు ఆరు గడులల్ల ముడుసుకొని కూసుంటడు, ఇరవై ఖాళీ పెడ్తడు. మీరొస్తె పక్క ఫారంల దాంక కాళ్ళు సాపుతరు.”

చంద్రయ్య నవ్వు ఆపుకోలేక చాయ్ ఒలకబోసేవాడు. ఇద్దరి చాయ్‌కీ డబ్బులిచ్చేది బాలనర్సయ్యే.

కర్నూలు సందీప్‌కి కొడుకు పుట్టాడు. నాగ సాయి శ్రీ ప్రణవ చైతన్య అని పెడదామనుకుంటున్నామన్నాడు. బాలనర్సయ్య బొటనవేలు రెండున్నర చుట్లు తిరిగింది. “పిలగాడు ఏం పాపం చేసిండు సార్?” అన్నాడు చివరికి. బారసాలలో పురోహితుడు మొదటి అక్షరం ఏదో చెప్పాడు. ఆఖరి అక్షరం ఎన్నోదో బాలనర్సయ్య చెప్పాడు. ఆ అబ్బాయి పేరు రిషి. అయిదు గడులు.

ఇంత లెక్క ఎందుకని ఒకసారి అడిగాను.

“మెదక్ దిక్కు మా తాత దొర గడీల, కోట లెక్క బంగ్లల, వెట్టి చేసిండు. ఆడ ఆయనకు పేరే లేకుండె. ‘అరే’ అని పిలిచేటోళ్ళు. ఈ గడులల్ల చూడున్రి, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క అర్ర, సొంత గది.”

ఆయనకు ఉన్నది ఒక్కటే గర్వం. పద్దెనిమిదేళ్ళుగా ఒక్క గడి లెక్క తప్పలేదు. దానికి కంపెనీ ప్రశంసాపత్రం కూడా ఇచ్చింది. అందులో తన పేరులో ఒక అక్షరం తక్కువైందని ఆయన తిప్పి పంపాడు.

రెండు వేల పదమూడు, డిసెంబరు మొదటి బుధవారం. రెబెక్కా వచ్చింది. మా టీము అమ్మాయే, బాపట్ల వైపు నుంచి. రెండేళ్ళుగా టోక్యోలో పని చేస్తోంది. క్రిస్మస్ సెలవుకు వచ్చి, భుజం మీద సంచీ దించకుండానే బాలనర్సయ్య బల్ల దగ్గరికి నడిచింది.

“అంకుల్, నా పేరు తిరిగొచ్చింది.”

కాగితాలు పరిచింది. వచ్చే జనవరి నుంచి జపాన్‌లో కొత్త పెట్టుబడి ఖాతా వస్తోందట. మామూలుగా లాభం మీద ఇరవై శాతం పన్ను. ఈ ఖాతాలో ఏడాదికి పది లక్షల యెన్‌ల దాకా పెట్టుకుంటే పన్ను లేదు. అక్కడ నివాస కార్డు ఉన్న విదేశీయులూ తెరవవచ్చు. మనిషికి ఒక్కటే ఖాతా. రెబెక్కా దరఖాస్తు వెనక్కి వచ్చింది. నివాస కార్డులో పాస్‌పోర్టు ప్రకారం ఇంటిపేరు ఉంది. జీతం పడే బ్యాంకు ఖాతాలో లేదు. ఇద్దరూ ఒకరేనని రుజువు ఏమిటని వాళ్ళ ప్రశ్న. బ్యాంకు ఖాతా దరఖాస్తు ఇక్కడ, ఈ బల్ల మీద నింపిందే.

“సోమవారానికి జవాబు అందకపోతే జనవరికి తెరవరంట. ఆ తర్వాత ఎప్పుడో వాళ్ళకే తెలియదు.”

“అంత తొందరేమిటమ్మా?” అన్నాను.

“మా ఇంట్లో ఫ్రిజ్ కూడా అన్నయ్య పేరు మీదే ఉందండీ. బిల్లు కట్టేది నేను. నా పేరు మీద ఒక్కటన్నా ఉండాలని, రెండేళ్ళు నూడుల్స్ తిని దాచాను.”

బాలనర్సయ్య చూపు జపాను ఫారం మీద ఉంది. “ఇదేంది బిడ్డా, ఈ గీతలు?”

“వాళ్ళ లిపిలో నా పేరు అంకుల్. వాళ్ళదీ మన అక్షరాల్లాగే. రె, బె, క్కా.”

“మూడే గడులా!”

“నాలుగు. ఒత్తుకు వేరే గడి.”

“ఒత్తుకు వేరే గడా!” ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “మర్యాదస్తులు.”

కాసేపు సంతోషం ఆయనదే. తర్వాత రెబెక్కా వేలు పెట్టిన చోట చదివాడు. బ్యాంకుకు ఒక ఉత్తరం కావాలి. పేరులో తేడా ఎందుకు వచ్చిందో కారణం రాసి, మొదటి దరఖాస్తు నింపినవారు సంతకం చేయాలి.

బీరువా తీసి రెండేళ్ళనాటి నకలు ఒక్క నిమిషంలో తెచ్చాడు. నేను ఆయన భుజం మీదుగా చూశాను. సువర్ణ రెబెక్కా. నడుమ ఖాళీతో పదిహేను గడులు. తర్వాత పదకొండు గడులు తెల్లగా ఉన్నాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు చూశాను. ఆరక్షరాలు.

“బాలనర్సయ్యగారూ, పడుతుంది కదండీ. ఇంకా నాలుగు మిగులుతాయి.”

“ఆ రోజు కండ్లద్దాలు మర్చిపోయిన.”

“మీకు కళ్ళద్దాలే లేవు.”

“అందుకే కనబడలే.”

అప్పుడు నాకు ఆ రోజు గుర్తుకొచ్చింది. సకల జనుల సమ్మె రోజులు. ఈ బల్ల ముందు ఎనిమిది మందిమి వరుసలో ఉన్నాం. ముందు రెబెక్కా. బాలనర్సయ్య ప్రతి అక్షరం పైకి చదువుతూ రాస్తాడు. ఆ రోజుల్లో ఇంటిపేరు వినగానే చెవులు నిక్కేవి. కొందరు దాన్నిబట్టి జిల్లా చెప్పేవాళ్ళు. కొందరు కులం చెప్పేవాళ్ళు. ఇంకా తెలిసినవాళ్ళు, ఊళ్ళో ఆ ఇల్లు ఏ చివర ఉంటుందో చెప్పేవాళ్ళు. “ఇంటిపేరేంటో, మనవాళ్ళేమో” అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. రెబెక్కా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. బాలనర్సయ్య పాస్‌పోర్టులోకి చూశాడు. ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. బొటనవేలు ఒక చుట్టు తిరిగింది. “పట్టదు బిడ్డా, ఇంటిపేరు ఇడిచిపెడ్తున్న” అని పాస్‌పోర్టు మూసేశాడు. లెక్కలో ఆయన మాటకు ఎదురెవరు? వరుస ముందుకు కదిలింది.

ఆ రోజు నేనూ ఆ వరుసలోనే ఉన్నాను. నవ్వానో లేదో గుర్తు లేదు.

“కారణం నేను రాస్తాను అంకుల్,” అంది రెబెక్కా మెల్లగా. “అప్పుడు నేనే నోరు విప్పలేదు.”

“ఫారం నింపిందెవరు?”

“మీరు.”

“సంతకం?”

“మీదే. కానీ...”

“ఇగ కానీ లేదు. కలం నా చేతులున్నది.”

రాశాడు. గడుల లెక్కలో నా పొరపాటు వల్ల ఇంటిపేరు వదిలివేయబడినది. కింద సంతకం, తేదీ, కంపెనీ ముద్ర. పద్దెనిమిదేళ్ళ గర్వం ఒక్క వాక్యంలో పోయింది. చదువుకుని, చాలా బాగుందన్నట్టు తలాడించాడు.

ఆ సంగతి సాయంత్రానికి అన్ని అంతస్తులకూ పాకింది. “ఏం బాలనర్సయ్యగారూ, మీకూ లెక్క తప్పిందంట?” అని సందీప్ పలకరించాడు. “తప్పింది సార్. మీ కొడుకు పేరు సుత మల్లొక్కసారి లెక్కబెట్టుకోన్రి, ఎందుకైన మంచిది,” అన్నాడాయన.

ఉత్తరం సోమవారం టోక్యోలో అందింది. జనవరిలో ఖాతా తెరుచుకుంది, ఇంటిపేరుతో సహా. అది ఇక్కడి నుంచి కదిలిన తీరు చెప్పాలి. ఎందుకంటే ఉత్తరం రాసిన మర్నాడు, గురువారం, బంద్. పది జిల్లాల తెలంగాణకు సీమ జిల్లాలు రెండు కలుపుతారన్న వార్త మీద బంద్. “పది గడులల్ల పన్నెండు ఎట్ల పట్టిస్తరు?” అని బాలనర్సయ్య బుధవారమే మండిపడి ఉన్నాడు.

గురువారం పొద్దున ఖాజాగూడ చౌరస్తాలో వంటా వార్పు. రోడ్డు మీద మూడు పొయ్యిలు, పెద్ద గంజుల్లో అన్నం, పప్పు. ఆటోలు లేవు. బాలనర్సయ్య రమ్మన్నాడని ఉత్తరం కవరుతో రెబెక్కా తన అక్క ఇంటి నుంచి, నేను నా గది నుంచి నడిచి వెళ్ళాం. బాలనర్సయ్య చేతిలో గరిటె ఉంది. పొయ్యి పక్కన, నినాదాలిస్తున్న గుంపులో, కొరియర్ రాములు కూర్చుని ఉన్నాడు. బాలనర్సయ్య అతన్ని రెక్క పట్టుకుని లేపాడు.

“రశీదు బుక్కు తియ్యి.”

“బంద్ గదనే అన్నా!”

“బంద్ ఆరింటి దాంక. మీ బండి విమానాశ్రయానికి పొయ్యేది ఏడింటికి. నువ్వు ఇప్పుడు రాస్తున్నవ్ గంతే, తోలుతలేవు. రాయి.”

రాములు బోర్లించిన గంజు మీద పుస్తకం పెట్టి రాశాడు. రెబెక్కా సంతకం చేసింది. కవరు అతని సంచీలోకి వెళ్ళింది. ఆమె వెనక్కి తిరగబోతుంటే, గులాబీ కండువా వేసుకున్న పుల్లయ్య ఎదురొచ్చాడు. బాలనర్సయ్యకు బావ, ఆ చౌరస్తాకు పెద్ద.

“ఎవరీ పిల్ల? ఏ ఊరు బిడ్డా నీది? ఇంటిపేరేంది?”

నినాదాలు కాస్త తగ్గాయి. నలుగురైదుగురు ఇటు తిరిగారు. బాలనర్సయ్య గరిటె పప్పులో ముంచాడు.

“ఆమె ఇంటిపేరు నా తప్పు లెక్కతోని జపాన్‌ల ఇరుక్కున్నది బావా. వచ్చినంక చెప్త. ముందుగాల విస్తరెయ్యి.”