భార్య గ్రూపు అడగకుండ రాయించిన

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, అందరికి వందనాలు. ఊరిడిసి బతుకుదెరువుకు వచ్చి ఈ డిండోలిల మరమగ్గం నడిపేటోన్ని, మాటలు పెద్దగ రావు, జర ఓపికతోని వినండి. మా ఇంటికి చీకటి పట్టింది మొదటి లాక్‌డౌన్‌ల. మగ్గాలు బంద్, ఆటోలు బంద్, గప్పుడే నా భార్య లలితకు నొప్పులొచ్చినయి. దగ్గర్ల ఉన్న చిన్న దవాఖానకు నడిపించుకుంట తీస్కపోయిన. రక్త పరీక్ష చేసేటాయన రాలేదు, నర్సమ్మ "ఈమె బ్లడ్ గ్రూపేంది?" అనడిగితే నేను ఠక్కున "ఓ పాజిటివ్" అని రాయించిన. అది మిల్లు కార్డు మీదున్న నా గ్రూపు! పెండ్లైనంక ఇంటిపేరు నాదే ఆయె, గోత్రం నాదే ఆయె, నెత్తురు గూడ నాదే అయితదనుకున్న. నవ్వకండి, నిజంగ అట్లనే అనుకున్న.

కొడుకు మంచిగ పుట్టిండు. మరుసటేడు కరోనా మళ్ల విరుచుకపడ్డప్పుడు బిడ్డ పుట్టింది, పుట్టిన నాడే ఒళ్లంత పసుపు పూసినట్టు, ఏడ్వడానికి గూడ బలం లేదు. పెద్ద దవాఖానల డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. తల్లిది నెగిటివ్, పిల్లలకు తండ్రి పాజిటివ్ వచ్చింది, మొదటి కాన్పుల కొడుకు నెత్తురు కొంత తల్లి ఒంట్లకు పోతే ఆ ఒళ్లు దాన్ని శత్రువనుకున్నది, ఈ బిడ్డ కడుపుల ఉన్నప్పుడే దీని నెత్తురును విరగ్గొట్టింది అని చెప్పింది. "కాన్పైన మూడు రోజుల్ల ఒక్క సూది వేస్తే అయిపోయేది, ఎందుకు వేయించలేదు?" అన్నది. నేను "ఓ పాజిటివ్" అని రాయించినందుకే ఎవ్వలు సూది వెయ్యలేదని గప్పుడు సమజైంది.

ఊర్ల నుంచి మా అమ్మ ఫోన్ల "పిల్లను తినే నెత్తురు దానిది" అన్నది. లలిత అవునని తల కొట్టుకొని ఏడ్చింది. నేను నిలబడి చూసిన. ఎంత పిరికోన్ని సహోదరులారా!

బిడ్డ నెత్తురు మొత్తం మార్చాలె, ఓ నెగిటివ్ కావాలె, బ్లడ్ బ్యాంకుల లేదు. నెగిటివ్ అనేది అమ్మ దిక్కు నుంచి, నాయిన దిక్కు నుంచి రెండూ వస్తేనే అయితదట, అందుకే లలిత తోడబుట్టినోళ్లకు ఉండొచ్చు, అడగమన్నరు. ఆమె తమ్ముడు శ్రీను ఈ పట్నంలనే అవతల కోసాడ్‌ల ఉంటడు, మేం బాప్తిస్మం తీసుకున్న కాడికెల్లి మా గడప తొక్కలేదు. దవాఖాన మెట్ల మీద మోకరించి "ప్రభువా, తప్పు నాది, నా పాపం బిడ్డ మీద వెయ్యకు, శ్రీను మనసు కరిగించు" అని మొత్తుకొని ఫోన్ చేసిన. "బావా, ఏడ్వకు, వస్తున్న" అన్నడు! పోలీసోళ్లు ఆపినకాడల్ల బతిమాలుకుంట వచ్చిండు, పరీక్ష చేస్తే ఓ నెగిటివే! నెత్తురు మార్చిన్రు, బిడ్డ బతికింది. దేవునికే మహిమ!

కాని కామెర్లు అప్పటికే చెవులకెక్కినయి. నా బిడ్డకు వినపడదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. ప్రాణం దేవుడిచ్చిండు, చెవులు నేను పోగొట్టిన.

కష్టంల ఉన్నోళ్లారా, ఆయన మీద భారం వెయ్యండి, ఆయన చెయ్యి విడువడు. అట్లనే మీ ఆడోళ్ల నెత్తురు పరీక్ష చేయించండి, నా లెక్క నోటికొచ్చింది రాయించకండి.

లలితా, సూది ఎందుకు వెయ్యలేదో నీకు ఇంతవరకు చెప్పలే. ఆ గ్రూపు రాయించింది నేను. నీ నెత్తురుల ఏ పాపం లేదు. ఇయ్యాల అమ్మకు గూడ ఫోన్ చేసి చెప్త. ప్రభువు నన్ను క్షమించిండు, నువ్వు గూడ క్షమించమని ఇందరి ముందట అడుగుతున్న.