తునికాకు కోసిన వేళ్లు

2008 జూన్. మణుగూరు దగ్గరి అడవి పల్లెల్లో ఉపాధి హామీ కూలిని స్మార్ట్ కార్డుల మీద చెల్లించే ఒక టెక్నాలజీ కంపెనీలో నేను ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని. కార్డు మిషన్‌లో పెట్టి వేలు ఆనిస్తే చాలు, ఇంటి ముందే కూలి చేతికొస్తుంది! ఆ పచ్చదీపం వెలిగిన ప్రతిసారీ నాకు పండుగే.

ఆ రోజు సోమమ్మ వేలికి మాత్రం ఎర్రదీపమే వెలిగింది. పదిసార్లు పెట్టినా అంతే. ఆమె అరవై దాటిన కోయ రైతు.

"ఏంది బిడ్డా, నా ఏలు నాది గాదంటదా నీ మిషిను?" అని నవ్వింది. అంతలోనే ముఖం మారింది. "ఇత్తనాలు ఏసే ముందు జేసే మా భూమి పండుగ అయిపాయె. వాన వడ్డది. రెండు మూడు రోజుల్ల ఇత్తనాలు కొనకుంటే నా చెలక బీడే."

తప్పు నాదే. ఎన్‌రోల్‌మెంట్, అంటే వేలిముద్రల నమోదు, టార్గెట్ తొందరలో ఎండాకాలం, బీడీలు చుట్టే తునికాకు కోతల్లోనే ముగించాను. అప్పుడు ఆమె వేళ్లన్నీ పగుళ్లే. కోతలు అయిపోయాక పగుళ్లు పూడాయి, ముద్ర మారింది.

కంపెనీకి ఫోన్ చేస్తే, "కంప్లైంట్ రాసుకున్నాం, పదిహేను రోజులు ఆగండి" అన్నారు. వాళ్లపైన ఎవరికి చెప్పుకోవాలో అక్కడ పనిచేసే నాకే తెలియదు!

మర్నాడు ఏడాది నిండని నా పాపను చంకనేసుకుని, సోమమ్మను వెంటబెట్టుకుని ఆమె ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లాను. వానలో పాపకు జ్వరమొస్తుందేమో, నా ఉద్యోగం పోతుందేమో అని దారంతా గుబులే.

"మిషను మీ కంపెనీది కదమ్మా, మాకేం సంబంధం?" అన్నారు మేనేజర్.

"ఖాతా మీది సార్. మా కంపెనీ మీ బిజినెస్ కరస్పాండెంట్, అంటే మీ తరఫున డబ్బిచ్చే ఏజెంట్. ఏజెంట్ పొరపాటుకు బ్యాంకుదే బాధ్యతని రూల్స్‌లో ఉంది." ఆ రూల్ చూపిస్తూ రాసిన కంప్లైంట్ కాగితం ముందుకు తోశాను.

ఆయన రెండుసార్లు చదివారు. "మీ కంపెనీ మీద మీరే కంప్లైంట్ తెచ్చిండ్రా?"

"అవ్ సార్!"

ఆయన నవ్వేశారు. కార్డు మీది ఫోటోతో సోమమ్మ ముఖం పోల్చి చూసి, నన్నూ క్యాషియర్‌నూ సాక్షులుగా పెట్టి, కాగితం మీద ఆమె వేలిముద్ర తీసుకుని డబ్బిప్పించారు.

"నీ మిషిను కన్నా గీ సారే నయం. మొఖం జూసి గుర్తువట్టిండు," అని సోమమ్మ పాప బుగ్గ గిల్లి విత్తనాల దుకాణం వైపు ఉరికింది.

మిషన్ మీద నా మోజు తగ్గలేదు. వానలు వెలిశాక మళ్లీ ముద్రలు తీస్తే సోమమ్మకూ పచ్చదీపం వెలిగింది, నేనూ పాపా చప్పట్లు కొట్టాం! కానీ ఆ ఏడు ఆమె చెలకలో విత్తనం పడింది మిషన్ వల్ల కాదు, మిషన్ వెనక జవాబు చెప్పక తప్పని బ్యాంకు ఉండటం వల్ల. రేపు బ్యాంకుతో పనిలేకుండా కంపెనీలే జనం డబ్బు చేరవేస్తామంటే, వాటికీ అవే రూల్స్ ఉండాలి. సోమమ్మ వెళ్లి అడగడానికి ఒక బల్ల ఉండాలి, ఆ బల్లకు అవతల ఒక మనిషి ఉండాలి.