కదిలింది ఫోటో కాదు

మా చిన్నప్పుడు... ఎనభైల మొదట్లో, అద్దంకి దగ్గర మా ఊళ్ళో బండలాగుడు పందెం. నాన్నగారు ఎడ్లకు కాడి కడుతున్నారు. కిందటేడు, ఎడమవైపు కట్టే మా దాపటెద్దు రాముడు ఈ బండ ముందే కూలబడ్డాడు. ఎద్దు అమహద్వాచకం గనుక ‘కూలబడింది’ అనాలి... మా ఇంట్లో ఎవరూ అలా అనేవారు కారు.

రాముణ్ణి పెంచిన తాతయ్య కాలు విరిగి నులకమంచం మీద ఉన్నారు. “ఈసారీ కూలబడితే దాచకండి. శుక్రవారం సంతకు తోలేయండి” అన్నారు.

పట్నం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు రీలులో ఒక్క ఫోటోయే మిగిలిందన్నాడు. పైగా మబ్బు పట్టింది.

“అన్నా, ఎడ్లను ఒక్క క్షణం కదలకుండా ఆపండి.”

“ఒరేయ్, ఇది పెళ్ళి ఫోటో అనుకున్నావా?” అన్నారెవరో.

బరువుకు రాముడి ముందుకాళ్ళు వంగాయి... బండ గరగరమంది. కెమెరా క్లిక్కుమంది.

ఇంటికొచ్చి, లాగాడని చెప్పాం. తాతయ్య నమ్మలేదు.

“నన్ను ఊరడించడానికి చెబుతున్నార్రా. ఫోటో చూపించండి.”

గురువారం సైకిలు మీద స్టూడియోకు వెళ్ళాను. “ఫోటో కదిలింది బాబూ. వెలుతురు చాలక కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాను” అన్నాడాయన. చూస్తే, ఎడ్లకు కాళ్ళు లేవు, పొగలాంటి చారలున్నాయి. దారంతా మరునాటి సంతే కళ్ళ ముందు మెదిలింది.

తాతయ్య ఫోటోను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

“వెనకున్న మనుషుల మీసాలు కూడా కనబడుతున్నాయేరా?”

“అవును తాతయ్యా.”

“మరి బండ అంచు చెరిగిందేం?”

నేను వంగి ఆ అంచు చూశాను.

“కదిలింది ఫోటో కాదురా. బండ కదిలింది... రాముడు కదిలాడు.” ఫోటోను దిండు కింద పెట్టుకుని, “వాడికి తౌడు పెట్టారా?” అన్నారు.

శుక్రవారం ఎవరూ సంతకు వెళ్ళలేదు.

తరువాత ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పాను. వాక్యంలో కర్తను పట్టుకోవడం నాకు నేర్పింది మాత్రం ఆ నులకమంచమే.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఒక్క నిమిషంలో ఇరవై ఫోటోలు తీస్తుంది. కదిలినవన్నీ అప్పటికప్పుడే చెరిపేస్తుంది... నేను వద్దనేలోపే.

మీ ఇంట్లో అలాంటి కదిలిన ఫోటో ఏదైనా మిగిలి ఉందా? ఉంటే, అందులో ఏది కదిలిందో... ఎవరు కదిలారో... నాకూ చెప్పండి.