క్రేనక్క డబ్బా చేపలు

ఆమెను సైటులో అందరూ క్రేనక్క అనేవాళ్ళు. టవర్ క్రేన్ మెడ దగ్గర అతికించినట్టుండే గాజు గదిలో కూర్చుని, రెండు లివర్లతో టన్నుల కొద్దీ ఇనుమును పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా దించే మనిషి. వయసు నలభై ఒకటి. ఇన్నేళ్ళలో ఆమె చేతి కింద ఎవరికీ గీత కూడా పడలేదని సిగ్నల్ మావయ్య కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ మావయ్య కింద నిలబడి వాకీటాకీలో ఎత్తమనీ తిప్పమనీ దించమనీ చెప్పే పెద్దాయన. చుట్టరికం ఏమీ లేదు. కానీ పైనున్న ఆమెకు కింద ఏం జరుగుతోందో ఆయన చెబితేనే తెలిసేది.

పైకి ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టేది. భోజనానికి దిగితే మళ్ళీ ఎక్కేసరికి తిన్నది కాస్తా అరిగిపోతుంది. అందుకని ఐదేళ్ళుగా ఆమె మధ్యాహ్నం తిండి ఒకటే: రెండు రొట్టె ముక్కలు, ఒక ట్యూనా చేప డబ్బా. మూత మీది రింగులో వేలు పెట్టి లాగితే చాలు. వేడి చెయ్యక్కర్లేదు, పాడవదు, సంచిలో ఒలకదు. పైగా గుండెకు మంచిదని డబ్బా మీదే రాసి ఉంటుంది. అడుగున మిగిలిన ఉప్పునీళ్ళలో కూడా రొట్టె అద్దుకుని తినేది. పిల్లి జన్మ అని భర్త ఏడిపించేవాడు. అతను బ్రెడ్ ఫ్యాక్టరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. నిరుడు బడి తెరిచినప్పటి నుంచి తొమ్మిదేళ్ళ కూతురి డబ్బాలోనూ అదే చేప పెట్టడం మొదలుపెట్టింది. పొద్దున పని తేలికయిందని సంతోషపడింది కూడా.

తిమ్మిరి చిటికెన వేలితో మొదలైంది. కుడి చెయ్యి మీద పడుకుని ఉంటాననుకుని విదిలించింది. వారం తిరిగేసరికి పక్కనున్న ఉంగరం వేలికీ పాకింది. ఒకరోజు పైన గదిలో కూర్చుని డబ్బా మూత లాగబోతే రింగు వేళ్ళలోంచి జారిపోయింది. రెండోసారి లాగితే అంచు గీసుకుని నెత్తురు చిమ్మింది, కానీ నొప్పి తెలియలేదు. ఆమె ఆ నెత్తురు వంక వేరే ఎవరిదో అన్నట్టు చూసింది. తర్వాత ఫోన్ తీసి, వేళ్ళ తిమ్మిరి ఎందుకొస్తుందని వెతికింది. చక్కెర జబ్బు, మెడ ఎముకలు, ఇంకా ఏవేవో వచ్చాయి. ఆరో వరుసలో పాదరసం అని ఉంది. ట్యూనా లాంటి పెద్ద చేపల ఒంట్లో పాదరసం పేరుకుంటుందనీ, అతిగా తినేవాళ్ళకు వేళ్ళు మొద్దుబారి, చేతులు వణికి, నడక తడబడవచ్చనీ, పిల్లలకైతే మెదడు ఎదుగుదల మీదే దెబ్బ పడవచ్చనీ రాసి ఉంది.

ఆ చివరి మాట దగ్గర ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. కిందటి వారమే బళ్ళో టీచరమ్మ పిలిచి, పాప చదివేటప్పుడు అక్షరాలు తడుముకుంటోందనీ, ఇంట్లో కాస్త చూసుకోమనీ చెప్పింది. అప్పుడు అల్లరి ఎక్కువై చదువు మీద దృష్టి లేదనుకుంది. నా చేత్తో నేనే పెట్టాను కదా, రోజూ మూత గట్టిగా బిగించి మరీ పంపాను కదా అనుకుంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని భయం. క్రేన్ మీద కూర్చునే మనిషి చెయ్యి మొద్దుబారిందంటే ఇక పని ఉండదని ఇంకో భయం. ఆ రెండు రోజులూ డబ్బా తెరవకుండా ఉత్త రొట్టె నమిలింది.

మూడోరోజు పదకొండు గంటలకు ఇనుప కడ్డీల కట్టను పన్నెండో అంతస్తుకు చేర్చాలి. కట్ట స్లాబు మీదికి వచ్చింది. కింద నలుగురు పనివాళ్ళు పక్కకు తప్పుకుని నిలబడి ఉన్నారు.

"ఆపమ్మా, ఇక్కడ ఆపు" అన్నాడు ఆ స్లాబు మీదే ఉన్న మావయ్య.

ఆమె లివర్ వెనక్కి లాగింది, లాగాననే అనుకుంది. తీరా చూస్తే వేళ్ళు లివర్ మీద లేవు. ఎప్పుడు జారాయో తెలియలేదు, మోచేత్తో దాన్ని పక్కకు నెట్టేసింది. కట్ట మనుషులున్న వైపుకే ఊగింది.

"ఆపు, ఆపు. అమ్మా, వినపడుతోందా?"

ఎడమ చేత్తో గబుక్కున రెండు లివర్లూ మధ్యకు తెచ్చింది. కట్ట గాల్లో రెండుసార్లు ఊగి, ఒక పనివాడి టోపీకి జానెడు దూరంలో ఆగింది. అతను అలాగే కూలబడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు మావయ్య వాకీటాకీలో, చాలా మెల్లగా.

"మావయ్యా, వాళ్ళందరినీ దూరంగా పంపించెయ్యి. ఎడం చేత్తో ఇది దించేసి వచ్చేస్తాను. ఇవాళ్టికి ఇంక నావల్ల కాదు."

కట్టను అంగుళం అంగుళంగా దించింది. తర్వాత నిచ్చెన దగ్గరికి వచ్చి కిందికి చూసింది. ఇన్నేళ్ళలో ఆ చూపుకు ఎన్నడూ కళ్ళు తిరగలేదు. ఆ రోజు మాత్రం చూపు నిచ్చెన మీదికే తిప్పుకుంది. కుడి చెయ్యి కమ్మీని పట్టుకుందో లేదో కంటితో చూసుకుంటే తప్ప నమ్మకం కలగలేదు. పట్టుకోవడం, చూసుకోవడం, ఒక మెట్టు దిగడం. ఇరవై నిమిషాల దారి గంట పట్టింది. నేల మీద కాలు పెట్టాక సిమెంటు బస్తాల మీద కూర్చుండిపోయింది.

సైటు ఇంజనీరు పరుగున వచ్చాడు. గాలి విసిరిందని చెబితే నమ్మేసేవాడే. మావయ్య కూడా ఆ మాటే నోటికి అందించాడు, "గాలి తేడా కొట్టింది సార్" అని.

ఆమె తల అడ్డంగా తిప్పింది. "గాలి కాదు సార్. నా చేతికి స్పర్శ లేదు. రెండు వారాలుగా ఉంది, దాచాను. ఇది తేలేదాకా నన్ను పైకి పంపొద్దు."

ఇంజనీరు చాలాసేపు ఆ చెయ్యి వంకే చూసి, "డాక్టరుకు చూపించుకుని రా అక్కా" అన్నాడు.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. వేళ్ళు నొక్కింది, సూదితో గుచ్చింది, కళ్ళు మూయించి నడిపించింది. పాప సంగతి కూడా విని, దాని కళ్ళకూ పరీక్ష రాసి, ఇద్దరి రక్తమూ తీయించింది. ఫలితం రావడానికి ఎనిమిది రోజులు పడుతుందంది.

ఆ ఎనిమిది రోజులూ ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. పాప బడి నుంచి రాగానే ఒక్క కాలి మీద నిలబడమనేది. కళ్ళు మూసుకుని ముక్కు ముట్టుకోమనేది. సూదిలో దారం ఎక్కించమనేది. పిల్ల మొదట ఆటనుకుంది. దారం సూదిలోకి వెళ్ళక రెండోసారి, మూడోసారి తప్పితే తల్లి ముఖం పాలిపోవడం చూసి దానికీ భయం పట్టుకుంది. ఆరో రోజు సాయంత్రం సూది కింద పెట్టేసి ఏడ్చేసింది.

"అమ్మా, నీకు తెలిసిపోయిందా?"

"ఏం తెలియాలి?"

"నేను చేప తినట్లేదని. అందుకే కదా రోజూ ఇలా చేయిస్తున్నావు?"

ఆమె సూదిని పక్కకు జరిపి పిల్ల ముందు కూర్చుంది.

"నాకు ఆ వాసన పడదమ్మా. నువ్వు కష్టపడి పెడతావని చెప్పలేదు. మొదట్లో కొంచెం తినేదాన్ని. తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్ తాతకి ఇచ్చేస్తున్నా. ఆయన నాకు అరటిపండు ఇస్తాడు."

ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుని, నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియనంతగా ఊగిపోయింది. అంతలోనే ఆ వాచ్‌మన్ తాత గుర్తొచ్చాడు. తెల్లారగానే బడికి పరిగెత్తి, గేటు దగ్గర పీట మీద కూర్చున్న ముసలాయనకు ఉన్నదంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నేను తినలేదు తల్లీ" అన్నాడు. "నాకు పళ్ళు లేవు, ఉప్పు తినొద్దన్నారు. నీ కూతురు నొచ్చుకుంటుందని పుచ్చుకున్నాను. అదంతా వీధి పిల్లులకే పోయింది."

ఇద్దరూ గోడ కింద నీడలో పడుకున్న పిల్లుల వైపు చూశారు. మూడున్నాయి. మూడూ నున్నగా బలిసి ఉన్నాయి. అయినా వాటిలో ఒకటి లేచి నడుస్తుంటే అడుగు సరిగ్గా పడుతోందో లేదోనని ఆమె కళ్ళు దాన్నే వెంబడించాయి.

తొమ్మిదో రోజు డాక్టరమ్మ కాగితాలు ముందేసుకుంది. "పాపకు ఏమీ లేదు. దానికి కావలసింది కళ్ళజోడు. అక్షరాలే దానికి సరిగ్గా కనపడటం లేదు. ఇక మీకు పాదరసం ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. కానీ చేతులు మొద్దుబారేంత లేదు. కుర్చీలో మోచెయ్యి ఎక్కడ ఆనించుకుంటారు?"

ఆమె చూపించింది. కుర్చీ ఇనుప చేతి మీద, రోజుకు ఎనిమిది గంటలు.

"ఆ వేళ్ళ నరం సరిగ్గా అక్కడే, మోచేతి ఎముక వెనకగా వెళుతుంది. అది నలిగింది. కొన్నాళ్ళు ఆనించకుండా ఉంటే నూటికి తొంభై పాళ్ళు తగ్గిపోవాలి. నాకు ఎక్కువ భయం వేసింది ఇంకోదానికి, మీ బీపీ చాలా ఎక్కువగా ఉంది. ఆ ఉప్పునీళ్ళలో కూడా రొట్టె అద్దుకుంటానన్నారు కదా?"

"అయితే డబ్బా చేప విషమేనా డాక్టరుగారూ?"

"విషమని నేననను. వారానికి ఒకటి రెండుసార్లు తింటే మంచిదే. సార్డీన్ల లాంటి చిన్న చేపల్లో పాదరసం తక్కువ. నీళ్ళు వంపేసి తినండి. రోజూ, ఏళ్ళ తరబడి, ఒకే పెద్ద చేప అనేదే తప్పు. మానేస్తే ఒంట్లో ఉన్నది నెలల్లో దానంతటదే తగ్గుతుంది."

"నూటికి తొంభై అన్నారు. మిగతా పది?"

డాక్టరమ్మ కాగితం మీద తేదీ రాసింది. "దానికోసమే మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం."

ఆ మూడు నెలలూ ఆమె కిందే పనిచేసింది, మావయ్య పక్కన నిలబడి బరువులకు గొలుసులు తగిలిస్తూ. క్రేన్ మీద ఎవరో కొత్తతను. తల మీదుగా దిమ్మెలు వెళ్తుంటే ఆమె మెడ భుజాల్లోకి దిగిపోయేది. ఇన్నేళ్ళు వీళ్ళందరూ నా చేతి కింద ఇలాగే నిలబడ్డారా అనుకునేది. ఒకరోజు ఆ మాట మావయ్యనే అడిగింది.

"భయం వెయ్యలేదా నీకు?"

"రోజూ వేసేది" అన్నాడాయన. "నీకు చెబితే నీ చెయ్యి వణుకుతుందని చెప్పలేదు."

మూడో నెలకు పాదరసం సగానికి తగ్గింది. బీపీ మాత్రకు లొంగింది. ఉంగరం వేలికి స్పర్శ పూర్తిగా వచ్చింది, చిటికెన వేలి కొసకు మాత్రం ఇంకా రాలేదు. వస్తుందనే డాక్టరమ్మ నమ్మకం. నరాల డాక్టరు పరీక్షలు చేసి క్రేన్ నడపడానికి పనికొస్తుందని రాసిచ్చాడు. ఇంజనీరు కుర్చీ చేతికి మెత్తటి దిండు కుట్టించాడు.

ఆమె మళ్ళీ పైకెక్కిన పొద్దున గాలి లేదు. కూర్చుని, మోచేతులు గాల్లో ఉంచి, పది వేళ్ళూ ఒక్కొక్కటిగా లివర్ల మీద పెట్టి కంటితో చూసుకుంది. మొదటి బరువు కొక్కేనికి తగిలించారు.

"ఎత్తమ్మా" అన్నాడు మావయ్య.

"కింద ఎవరూ లేరు కదా?"

"లేరు."

ఆమె ఎత్తలేదు. "మళ్ళీ ఒకసారి చూసి చెప్పు మావయ్యా."

ఆయన విసుక్కోలేదు. కొక్కెం కింద చుట్టూ నడిచి చూసి, తిరిగి తన చోటికి వచ్చి నిలబడి, ఎవరూ లేరని మళ్ళీ చెప్పాడు.