అబ్బులు చెప్పిన నిబంధన

గల్ఫ్ దేశంలో, మంగఫ్‌లోని ఆ కంపెనీ క్యాంపులో మూడు వేల పైచిలుకు కార్మికులు ఉండేవారు. వాళ్ళలో ఎవరు సెలవు మీద ఊరెళ్ళాలన్నా ముందు అబ్బులు కిటికీ దగ్గరికి రావలసిందే. అతనిది కోనసీమలో ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. గుమాస్తా పనికని వచ్చి ఇరవై రెండేళ్ళు ఆ కిటికీ వెనకే ఉండిపోయాడు. సెలవు కాగితం రాయడం, ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు చూడడం, దేశం దాటే అనుమతికి మేనేజరు చేత సంతకం పెట్టించడం అతని పని. ఎవరి భార్యకు నెలలు నిండాయో, ఎవరు బతికున్న బామ్మను చంపి సెలవు అడుగుతున్నారో, గొంతు వినగానే పసిగట్టేవాడు. గుర్తింపు కార్డు చూపించమని అడిగేవాడు కాదు. చూపించబోతే, "ఎందుకురా, నీ మొహం నాకు తెలీదేంటి?" అని నవ్వేవాడు.

ఆరేళ్ళ కిందట ఆ నవ్వే అతని కొంప ముంచింది. ఒకడి పేరు చెప్పుకుని వాడి తమ్ముడు వచ్చి సెలవు కాగితాలు పట్టుకుపోయాడు. ఇద్దరిదీ ఒకటే పోలిక. "ఇతన్ని నేనెరుగుదును" అని సంతకం పెట్టినవాడు అబ్బులు. మేనేజరు అందరి ముందూ అరగంట నిలబెట్టి తిట్టాడు. అసలు మనిషి కిటికీలోంచి చూసి, "నన్ను చూసే పెట్టావా అన్నా సంతకం?" అని అడిగి వెళ్ళిపోయాడు. మేనేజరు తిట్లు మరిచిపోయాడు గాని, ఆ ప్రశ్న అబ్బులును వదల్లేదు.

అబ్బులుకూ ఊళ్ళో ఉండే భార్య సూరాయమ్మకూ పిల్లలు లేరు. క్యాంపు వంటశాలలో పనిచేసే రామసుబ్బయ్య కూతురు చిట్టి, ఫోనులోనే అతనికి చేరువైంది. రామసుబ్బయ్యది రాజంపేట దగ్గర పల్లె. సెలవు నుంచి వచ్చినప్పుడల్లా కూతురి ఫోటోలు పట్టుకుని నేరుగా కిటికీ దగ్గరికే వచ్చేవాడు. ఆ పిల్ల నర్సు చదువులో చేరిన రోజు అబ్బులుకు ఫోను చేసి, "పెదనాయనా, నీకు బీపీ ఉండాదంట గదా, ఉప్పు తగ్గించు" అని ఆజ్ఞాపించింది. ఆ మాట అతను సూరాయమ్మకు నాలుగుసార్లు చెప్పాడు.

రెండేళ్ళ కిందట ఎండాకాలం తర్వాత కంపెనీ కిటికీని ఎత్తేయాలనుకుంది. సిటీ ఆఫీసు నుంచి వీరేంద్ర అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. అతనిదీ గోదావరి జిల్లాయే. ఫోనులో తెలుగులో మాట్లాడితే విని, దరఖాస్తు తనే రాసి, అనుమతి దాకా పంపించే ఏఐ ఏజెంటును తయారు చేస్తున్నామన్నాడు. ఏజెంటు అనగానే క్యాంపులో సగంమంది వీసా ఏజెంటు అనుకుని భయపడ్డారు.

మాట్లాడేది ఎవరో ఆ ఏజెంటుకు తెలియాలి కదా. అందుకని దాన్ని ఒక డిజిటల్ గుర్తింపు సేవకు కలిపాడు వీరేంద్ర. కార్మికుడు ఫోనులో ముఖం చూపించాలి. ఆ సేవ ముఖాన్ని కార్డు మీది ఫోటోతో పోల్చి అవుననో కాదనో చెబుతుంది. అవునంటేనే ఏజెంటు పని మొదలుపెడుతుంది.

మూడు నెలలు అబ్బులు వీరేంద్ర పక్కన కూర్చుని తనకు తెలిసినదంతా చెప్పాడు. కడపవాళ్ళు సెలవెలా అడుగుతారో, గోదావరివాళ్ళు అడగలేక ఎన్ని డొంకతిరుగుళ్ళు తిరుగుతారో చెబుతుంటే వీరేంద్ర రాసుకునేవాడు. ఒక మధ్యాహ్నం అతను కీబోర్డు మీద చేతులాపి అడిగాడు.

"బాబాయ్, ఒకవేళ మూడుసార్లు చూపించినా ముఖం కలవలేదనుకోండి. అప్పుడు ఏం చేద్దాం? ఎవరైనా మనిషికి పంపే దారి పెట్టమంటారా?"

అబ్బులుకు ఆరేళ్ళనాటి ప్రశ్న గుర్తొచ్చింది.

"వద్దండి. మూసేయండి. మనిషిని నమ్మితే ఏమవుద్దో నేను చూశానండి."

"మూడు రోజులు ఆపితే చాలా?"

"ఆయ్, ఆపేయండి. దొంగ వేషాలేసేవోడికి భయముండాలి."

వీరేంద్ర అలాగే రాశాడు. మేనేజరుకు కూడా నచ్చింది. పై నెల కిటికీకి చెక్క కొట్టేసి, అబ్బులును షుఐబా గోడౌనులో సామాను లెక్క చూసే పనిలో వేశారు. అతను క్యాంపు వదిలి మహబూలాలో నలుగురితో కలిసి ఫ్లాటులో చేరాడు.

ఈలోగా రామసుబ్బయ్యకు ప్రమాదం జరిగింది. వంటశాలలో ఆవిరి గొట్టం పగిలి ఎడమ చెంప, కనుబొమ్మ, పెదవి అంచు కాలిపోయాయి. నెలన్నర ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. అప్పటినుంచి ఇంటికి వీడియో కాల్ చేయడం మానేశాడు. కెమెరా పాడైందని ఒకసారి, సిగ్నల్ లేదని ఒకసారి. "ఈ మొగం చూస్తే పాప జడుసుకుంటాదన్నా. రోంత మానినాక చూపిస్తా" అనేవాడు. ఎనిమిది నెలలయినా మచ్చ మానలేదు.

మొన్న శీతాకాలంలో ఒక గురువారం సాయంత్రం, చిట్టికి డెంగీ ముదిరిందనీ, తిరుపతి ఆస్పత్రిలో చేర్చామనీ భార్య తిరుపాలమ్మ ఫోను చేసింది. రామసుబ్బయ్య వెంటనే ఏజెంటుతో మాట్లాడాడు. అది మర్యాదగా విన్నది. మీ అమ్మాయి త్వరగా కోలుకోవాలన్నది. ముఖం చూపించమన్నది. చూపించాడు. కలవలేదన్నది. వెలుతురులోకి వెళ్ళి మళ్ళీ చూపించాడు. తల పక్కకు తిప్పి, మచ్చ కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి మూడోసారి చూపించాడు. భద్రత కోసం మీ అభ్యర్థనను డెబ్భై రెండు గంటలు నిలిపివేశామన్నది.

'నిలిపివేశాం' అంటే తన దరఖాస్తును తీసి పక్కన పెట్టుకున్నారనుకున్నాడు రామసుబ్బయ్య. రేపు పిలుస్తారని బట్టలు సర్దుకుని కూర్చున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం దాకా ఎవరూ పిలవకపోతే అబ్బులుకు ఫోను చేశాడు.

"అన్నా, నేను నేను కాదంటాండాదన్నా ఆ ఫోను. ఏం జేయాల?"

అబ్బులు తింటున్న అన్నం వదిలేసి వీరేంద్రకు ఫోను కలిపాడు. వీరేంద్ర కంప్యూటరు తెరిచి చూశాడు.

"మూడుసార్లు కాదంది బాబాయ్. ఆగిపోయింది. తియ్యాలంటే మేనేజరు గారొక్కరే తియ్యాలి."

"నేను చెప్తున్నాను కదండీ, అతనే! మొహం కాలిందండి, అంతే. పదిహేనేళ్ళుగా ఎరుగుదును."

"మీ మాట తీసుకునే చోటు అందులో లేదు బాబాయ్."

వద్దన్నది మీరే కదా అని వీరేంద్ర అనలేదు. అనకపోయినా అబ్బులుకు వినిపించింది.

శుక్ర, శనివారాలు ఆఫీసుకు సెలవు. మేనేజరు కుటుంబంతో దేశం దాటి వెళ్ళాడు. ఇద్దరూ మార్చి మార్చి ఫోను చేశారు, మెసేజీలు పెట్టారు. శనివారం పొద్దున అబ్బులు మంగఫ్ వెళ్ళి రామసుబ్బయ్య మంచం పక్కన కూర్చున్నాడు. పదిగంటల వేళ తిరుపాలమ్మ ఫోను వచ్చింది.

"పాప నిన్ను చూడాలంటాంది. ఒగసారి వీడియో పెట్టయ్యా. ఆ కెమెరా ఎట్లన్నా బాగుచేసుకో."

రామసుబ్బయ్య అబ్బులు వైపు చూశాడు. "పెట్టు సుబ్బయ్యా" అన్నాడు అబ్బులు.

తెర మీద అటువైపు తెల్లటి దుప్పటి, ముక్కుకు గొట్టం, సగం మూసిన కళ్ళు. రామసుబ్బయ్య ఫోనును ముఖానికి దగ్గరగా పట్టుకుని, "చిట్టీ, నేనేమ్మా, నాయన్ని. చూడు. వస్తాండా" అన్నాడు. తిరుపాలమ్మ అతని చెంప చూసి కెవ్వుమని, మరుక్షణమే నోరు నొక్కుకుంది. చిట్టి పెదవులు కదిలాయి. మాట వినిపించలేదు. తండ్రిని చూసిందో లేదో ఇటువైపు ఇద్దరికీ తెలియలేదు.

పదకొండున్నరకు మేనేజరు నుంచి జవాబొచ్చింది. గంటలో అనుమతి వచ్చింది. చెన్నై విమానానికి టికెట్టు తీస్తుండగానే తిరుపాలమ్మ తమ్ముడు ఫోను చేసి, ఇక తొందరపడాల్సిన పని లేదని చెప్పాడు.

విమానాశ్రయానికి టాక్సీలో అబ్బులు తోడు వెళ్ళాడు. దారంతా రామసుబ్బయ్య ఏడవలేదు. లోపలికి వెళ్ళే తలుపు దగ్గర అబ్బులు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"సుబ్బయ్యా, నీకో మాట చెప్పాలి. మూడుసార్లు కలవకపోతే మూసేయమన్నది నేనే. వాళ్ళు అడిగారు. మనిషికి పంపమంటారా అని అడిగారు. నేనే వద్దన్నాను."

రామసుబ్బయ్య అతని ముఖంలోకి చూశాడు.

"నువ్వు వద్దని ఉండవులేన్నా" అన్నాడు.

"అన్నాను."

రామసుబ్బయ్య చెయ్యి విడిపించుకున్నాడు. విదిలించలేదు, మెల్లగా తీసుకున్నాడు. సంచి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడు, అద్దాల అవతల వరుసలో నిలబడి, వెక్కి వెక్కి ఏడవడం అబ్బులుకు కనిపించింది.

వారం తిరక్కుండా వీరేంద్ర ఆ నిబంధన మార్చాడు. ముఖం కలవకపోతే ఏజెంటు మనిషికి ఫోను కలుపుతుంది, సెలవు రోజుల్లో కూడా. ఆ మనిషిగా కూర్చోమని అబ్బులునే అడిగారు. అతను రెండు రోజులు గడువు అడిగాడు. సూరాయమ్మతో అంటే ఆవిడ, "కూర్చోండి. మీరు కాపోతే ఇంకెవరు కూర్చుంటారండీ" అంది. కూర్చున్నాడు. మొదటి నెలలో పదిహేడుమందిని గుర్తుపట్టి పంపాడు. ప్రతి ఒక్కరినీ ఊరి పేరు, తండ్రి పేరు అడిగి, మళ్ళీ అడిగి, అప్పుడు అవునని నొక్కాడు.

రామసుబ్బయ్య తిరిగి రాలేదు. ఇఖామా గడువు దాటిపోయింది. అబ్బులు ప్రతి శుక్రవారం ఫోను చేసేవాడు. మోగి మోగి ఆగిపోయేది. రెండు నెలలయ్యాక ఒకసారి తిరుపాలమ్మ ఎత్తింది.

"ఆయనకు నీ మీద కోపం లేదన్నా" అంది. "నీ నంబరు కనపడితే, పాపే నీతో మాట్లాడతాండేది గదా, అది మతికొచ్చి ఆ పూటంతా అన్నం తినడు. చెయ్యొద్దు లేన్నా."

"సరేనమ్మా" అన్నాడు అబ్బులు. ఆ తర్వాతి శుక్రవారం ఫోను చేయలేదు.